నలభై ఒక్క సెకన్ల హాఫ్ క్లచ్

నమోదు 402. సోమవారం

ఒకే చోట, ఒకే సామాను మధ్య ఇద్దరం వెతికితే లాస్యకే ఎందుకు దొరుకుతుంది? యూనివర్సిటీ రోజుల నుంచి ఈ ప్రశ్న నా వెంటే వస్తోంది. అప్పుడు లైబ్రరీలో పుస్తకాల గురించి నన్ను నేను అడిగేదాన్ని. ఇప్పుడు పాత కార్ల దృశ్యాల గురించి అడుగుతున్నాను. మధ్యలో పాతికేళ్లు గడిచాయి, నాకు నలభై ఆరు వచ్చాయి.

ఇవాళ పద్నాలుగో పాఠానికి గొంతు రికార్డింగ్ పూర్తి చేశాను. అంశం హాఫ్ క్లచ్. నిడివి గంటా యాభై నిమిషాలు. ఎత్తు మీద ఆగిన కారును వెనక్కి జారనివ్వకుండా ముందుకు ఎలా కదిలించేవారో చెప్పే పాఠం. మనుషులు నడిపే కార్లు ఆగిపోయి ముప్పై ఏళ్లయింది. నా విద్యార్థుల్లో ఒక్కరూ పెడల్ తొక్కి ఎరగరు. క్లచ్‌కీ బ్రేక్‌కీ తేడా రాయమంటే, "ఒకటి ఆగడానికి, రెండోది బాగా ఆగడానికి" అని రాసింది ఒకమ్మాయి.

గొంతు ఉంది. చూపించడానికే ఏమీ లేదు. ఈ ఏటి వాటాలో నాకు మిగిలింది ముప్పై ఎనిమిది సెకన్లు.

పాఠాలు చెప్పే ప్రతి ఒక్కరికీ ప్రభుత్వ భాండారం నుంచి ఏడాదికి పన్నెండు నిమిషాల పాత దృశ్యం ఇస్తారు. యంత్రం అల్లిన బొమ్మ ఒక్కటి కూడా పాఠంలో ఉండకూడదు. నా ఇరవైల్లో అందరూ అల్లినవే చూసి, ఏది జరిగిందో ఏది జరగలేదో తేలక కోర్టులు, బడులు, పెళ్లిసంబంధాలు కూడా ఎక్కడివక్కడ నిలిచిపోయాక ఈ పద్ధతి వచ్చింది. ఎవరైనా పాత ఫోన్లలో కొత్తగా ఒక ముక్క కనుక్కుంటే అది వాటాలోకి రాదు. కానీ దానికి రెండు సంతకాలు కావాలి. మొదటిది కనుక్కున్నవారిది. రెండోది, అలాంటి వస్తువును కళ్లారా చూసి పెరిగిన పెద్దవాళ్లలో ఒకరిది. అప్పుడే ముద్ర పడుతుంది. ముద్ర లేని సమయమంతా తెర బూడిద రంగులో ఉంటుంది, వెనక గొంతు మాత్రం నడుస్తుంది. పిల్లలు దాన్ని బూడిద అనే అంటారు. నా పాఠాల్లో బూడిద ఎక్కువ.

మన చేతులతో చేసి చూపించేదానికి వాటా అడ్డు లేదు. అందుకని రెండు ఇడ్లీ రేకులు తెచ్చాను. ఒకదాన్ని డ్రిల్లింగ్ మెషీన్‌కి బిగించి తిప్పాను. రెండోదాన్ని చేత్తో దగ్గరకు తెచ్చాను. కాస్త తగిలితే కాస్త తిరుగుతుంది, గట్టిగా ఒత్తితే రెండూ ఒకటై తిరుగుతాయి. ఆ మధ్య ఉన్న తగిలీ తగలని స్థితే హాఫ్ క్లచ్. నాకు అర్థమైంది. పిల్లలకూ అర్థమవుతుంది. నన్ను ఇడ్లీ మేడమ్ అంటారని నాకు తెలుసు.

లాస్య చేసిన వైపర్ల పాఠం మధ్యాహ్నం మళ్లీ చూశాను. కుండపోత వాన, అద్దం, వైపర్ కింద ఇరుక్కున్న పార్కింగ్ చీటీ ఒకటి అటూ ఇటూ ఊగుతూ ఉంటుంది. రెండు నిమిషాల పాటు ఆమె ఏమీ మాట్లాడదు. ఆ చీటీ చిరిగి ఎగిరిపోయేదాకా ఆగి, అప్పుడు రబ్బరు గురించి మొదలుపెడుతుంది. అది చూసి నేను తెర ఆపేశాను. నచ్చక కాదు.

పదేళ్లుగా మూడు జిల్లాల బడుల్లో కార్ల పాఠాలు నావే. ఈ ఏడాది లాస్యవి కూడా పరిశీలిస్తున్నారు. ఇద్దరికీ ఒకే అంశం ఇచ్చారు, ఇదే హాఫ్ క్లచ్. వచ్చే వారం శుక్రవారం మూడింటికి కమిటీ రెండూ చూసి ఒకరినే ఉంచుతుంది.


నమోదు 403. బుధవారం

ఆటోనగర్ వెళ్లాను. మస్తాన్‌వలీ గారి షెడ్డు. డెబ్బై దాటిన మనిషి. ఒకప్పుడు లారీ బాడీలు కట్టేవారు, ఇప్పుడు తుక్కయిపోయిన కార్ల సీట్ల కిందా డాష్‌బోర్డుల్లోనూ దొరికే పాత ఫోన్లకు ప్రాణం పోస్తుంటారు. మాలాంటి వాళ్లందరికీ ఆయనే దిక్కు.

నన్ను చూడగానే నవ్వారు.

"ఏందమ్మా జోషితమ్మా, మళ్లా చీటీ రాసుకొచ్చావా?"

"కాలు కావాలి మస్తాన్ గారూ. క్లచ్ మీద కాలు. పైనుంచి తీసింది."

"కాలా? అప్పుడందరూ మొహాలే తీసుకున్నారమ్మా. తిన్న బిర్యానీ కూడా తీసుకున్నారు. కాలెవరు తీస్తారు?"

"అయితే లేదంటారు."

"లేదనలా. ఒకటున్నది. మొన్న లాస్యమ్మ ఏరుకుంది. కాపీ ముద్రకి పంపింది. ఫోను నా దగ్గరే ఉండిద్ది, తేలేదాకా."

నా చేతిలో చీటీ మడత పెట్టాను. ఇంకోసారి మడత పెట్టాను.

"నాకొక మాట చెప్పొచ్చుగా. రెండు నెలలుగా అడుగుతున్నా."

"రెండు నెల్లుగా నువ్వడిగింది గేర్ రాడ్డు. కాలు ఇయ్యాల అడిగావు."

"ఆమె కాలు కావాలని అడిగిందా?"

"ఆమె ఏం అడగదమ్మా. వచ్చి ఆ స్టూలు మీద కూర్చుంటది. మజ్జిగ వేళదాకా ఒక్కో ఫోనూ పెట్టుకుని చూస్తానే ఉంటది. కోళ్లు, పెళ్లిళ్లు, ఎవురెవురిదో పోట్లాట. నవ్వుకుంటది, కళ్లు తుడుచుకుంటది. నువ్వేమో ఏం కావాలో చెప్తావు, అది లేకపోతే పోతావు."

ఆయన తిట్టలేదు. ఉన్నమాట చెప్పారు. తిరిగి వస్తుంటే దారి పొడవునా ఆయనకు జవాబులు తయారుచేశాను. నాకు తరగతులున్నాయి, ఆమెకు లేవు. నేను పద్ధతిగా వెతుకుతాను. పద్ధతి తప్పా? ఏ జవాబూ నన్ను నమ్మించలేదు. ఎవరివో కోళ్లను చూస్తూ ఒక పూటంతా కూర్చోగలగడం అనేది నాకు చేతకాదని, దాన్ని చేతకానితనమని ఒప్పుకోవాల్సి వస్తుందని ఇన్నేళ్లలో ఎప్పుడూ అనుకోలేదు.


నమోదు 404. శుక్రవారం

రెండో సంతకానికి ఇవాళ నా పేరు వచ్చింది.

చీటీలు తీసి పిలుస్తారు. జాబితాలో కార్లు ఎరిగినవాళ్లం ఈ ఊళ్లో పదకొండు మందిమే. ముద్ర కార్యాలయంలో గుమాస్తా రిషిత్ గారు నన్ను చిన్న గదిలో కూర్చోబెట్టి తలుపు వేశారు. కనుక్కున్నవారి పేరు చెప్పరు. మనకు తెలిసిపోతే మాత్రం పక్కకు తప్పుకోవాలని గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి ఉంటుంది.

తెర వెలగగానే నాకు తెలిసిపోయింది. నేను కదల్లేదు.

ఆడమనిషి కాలు. చెప్పు లేదు. రెండో వేలికి మెట్టెలు, అంచున ఆరిపోయిన పసుపు, మడమ మీద పగుళ్లు. కాలి కింద వెడల్పాటి పెడల్. పక్కన కారు నేలలో తుప్పు తినేసిన చోట అరచేతి అంత రంధ్రం. ఆ రంధ్రంలోంచి రోడ్డు కనిపిస్తోంది. మొదట రోడ్డు నిలకడగా ఉంది. తర్వాత ముందుకు జారడం మొదలుపెట్టింది, అంటే కారు వెనక్కి పోతోంది. కాలు కంగారుపడలేదు. మడమ నేలకు ఆనించి, వేళ్లు కొద్దికొద్దిగా పైకి లేచాయి. మెట్టెలు సన్నగా వణికాయి. రోడ్డు నెమ్మదించింది. ఆగింది. కారు నేల మొత్తం గుర్రుమంటూ అదురుతోంది, రోడ్డు మాత్రం కదలడం లేదు. అలా ఆరేడు సెకన్లు. ఆ తర్వాత వేళ్లు ఇంకో దారపుపోగంత లేచాయి, రోడ్డు వెనక్కి పరుగెత్తింది.

నలభై ఒక్క సెకన్లు. నా గంటా యాభై నిమిషాలూ అందులో ఉన్నాయి.

కడుపులో రగిలినదానికి నేను వేరే పేరు పెట్టదలచుకోలేదు. మొదటిసారి చూసినప్పుడు కళ్లలో నీళ్లు తిరిగాయి, అది బాగుందనే. రెండోసారి తప్పు కోసం చూశాను.

దొరికింది. పెడళ్లు తారుమారుగా ఉన్నాయి. సన్నగా పొడుగ్గా ఉండే యాక్సిలరేటర్ ఎడమ చివర, క్లచ్ కుడి చివర. అది ఎడమ కాలు కాదు, కుడి కాలులా ఉంది. డ్రైవర్ వైపు నుంచి చూస్తే ఏ కారులోనూ అలా ఉండదు. యంత్రాలు అల్లిన బొమ్మల్లో ఎప్పుడూ దొరికే తప్పు ఇదే, వేళ్లు ఆరు వేయడం, పెడళ్లు తారుమారు చేయడం. రబ్బరు మ్యాట్ మీద ఏవో నాలుగు అక్షరాలు కూడా ఉన్నాయి, ఏ భాషవో తెలియకుండా.

'అల్లినది' అని రాసి సంతకం పెట్టాను. కారణం: పెడళ్ల క్రమం అసాధ్యం.

రిషిత్ గారు కాగితం అందుకుని, "తొమ్మిది రోజుల గడువుంటదండి మేడమ్. మీరే వెనక్కి తీసుకోకపోతే అన్నిచోట్లా తుడిచేస్తాం, ఫోను నలగ్గొట్టేస్తాం" అన్నారు. కనుక్కున్నవారి వాటా ఏడాది ఆపేస్తారు. ఇవన్నీ నాకు తెలిసినవే. అయినా ఆయన చెబుతున్నంతసేపూ కొత్త విషయంలా తల ఊపాను.


నమోదు 405. ఆదివారం

లాస్య పిలిచింది. పటమటలో పునుగుల బండి దగ్గర. హాస్టల్ రోజుల నుంచి కష్టమొస్తే ఇద్దరం అక్కడికే.

"ఏమే జోషీ, నీకు అల్లం చట్నీ ఎక్కువ వేయించా. ముందు తిను, తర్వాత నా ఏడుపు విందువుగాని."

"ఏమైంది?"

"నా ముక్కకి ముద్ర పడలేదే. క్లచ్‌ది. ఎవరో మహాతల్లి అల్లినదని కొట్టిపారేసింది. మహానుభావుడేమో, పేరు చెప్పరుగా. శుక్రవారం కమిటీకి ఏం చూపించను? పాఠం మొత్తం దాని చుట్టూనే కట్టుకున్నా. ఇప్పుడు బూడిద చూపించి గొంతు వినిపించాలి, నీలాగా." నాలుక కరుచుకుంది. "అలా కాదే, నా ఉద్దేశం..."

"సర్లే. కారణం రాసుంటారుగా."

"పెడళ్లు తారుమారట. నిజమేనే, నేనూ చూశా. ఎందుకలా ఉందో నాకూ తెలీలా. కానీ ఆ కాలు చూస్తే అబద్ధంలా లేదే. పగుళ్లు, పసుపు..."

"పగుళ్లు అల్లగలిగినవాళ్లు తుప్పు రంధ్రం అల్లలేరా? కింద రోడ్డు కదిలినంత మాత్రాన నిజమైపోతుందా?"

అనేశాను. అన్నాక నోటిలో పునుగు మిగిలిపోయింది, మింగలేక, ఉమ్మలేక. రంధ్రం మాట ఆమె ఎత్తనేలేదు.

లాస్య చెయ్యి ప్లేటు మీద ఆగింది. నన్ను చూసింది. గట్టిగా అరిచి ఉంటే బాగుండేది. బండి దగ్గర నలుగురూ ఇటు తిరిగి ఉంటే ఇంకా బాగుండేది.

"చల్లారిపోతున్నాయి, తిను" అంది. చట్నీ నా వైపు జరిపి, "చూసినవాళ్లకి అబద్ధమనిపిస్తే కొట్టెయ్యాల్సిందేలే. దానికేగా ఆ సంతకం" అంది. లేచి చేతులు కడుక్కుని, నా భుజం మీద తడిచేత్తో ఒకటి వేసి వెళ్లిపోయింది.

చొక్కా మీద ఆ తడి ఆరేదాకా నేను అక్కడే కూర్చున్నాను.


నమోదు 406. మంగళవారం

నేను రాసింది సరైనదేనని తేల్చుకోవడానికి ఆటోనగర్ వెళ్లాను. నేను నిజాయితీగా వెళ్లానని కాదు. నా మాటే నెగ్గాలని వెళ్లాను.

"ఫోను ముట్టుకోకూడదమ్మా" అన్నారు మస్తాన్ గారు. "నలపడానికి పెట్టుంచా."

రెండో సంతకం చేసినవారికి గడువు లోపల అసలు ఫోను పరిశీలించే హక్కుంది. దానికి ఇచ్చిన బిళ్ల తీసి చూపించాను. ఆయన బిళ్లను చూశారు, నన్ను చూశారు.

"నువ్వా?"

"అవునండీ."

"అట్టనా." ఆయన లోపలికి వెళ్లి ఫోను తెచ్చి నా అరచేతిలో పెట్టి, తన పని తాను చూసుకోవడానికి కూర్చున్నారు.

వెనక్కి తిప్పాను. కెమెరా ఉండాల్సిన చోట గాజు పగిలి గుంట పడి ఉంది. ఆ గుంటను ఎవరో లప్పంతో పూడ్చేశారు. అంటే ఈ ఫోనుతో తీయాలంటే ముందు వైపు కెమెరా ఒక్కటే గతి.

ఆన్ చేసి, ముందు కెమెరాతో మస్తాన్ గారిని పది సెకన్లు తీసి చూశాను. ఆయన ఎడమ చేతి గడియారం కుడి చేతికి వచ్చింది. వెనక గోడ మీద షెడ్డు పేరు తిరగబడింది.

"ముందు కెమెరా అద్దంలాగ చూపించిద్దమ్మా" అన్నారు ఆయన, తల ఎత్తకుండానే. "కొన్ని ఫోన్లు అట్టానే దాచిపెట్టుకుంటయ్యి."

"మీకు తెలిసీ చెప్పలేదేం?"

"కార్ల పాఠాలు చెప్పేదానివి. పదహారేళ్లొచ్చిందాకా ఆ ఫోన్లతోనే పెరిగి ఉంటావు. నీకు తెలవదని నేనెందుకు అనుకుంటా?"

కాలు ఎడమదే. పెడళ్లు ఉండాల్సిన చోటే ఉన్నాయి. ఎవరో ఒకావిడ విరిగిన ఫోనును సీటు అంచున ఆనించి, తన కాలు తానే చూసుకుని నేర్చుకోవడానికి తీసుకుంది. అంతే జరిగింది.

నేను బయల్దేరేటప్పుడు మస్తాన్ గారు ఎప్పటిలా మజ్జిగ తాగమనలేదు.


నమోదు 407. గురువారం

నిన్నంతా ఏమీ రాయలేదు. రాస్తే నా లెక్క నాకే కనబడుతుందని.

ఆ లెక్క ఇది. గడువు శనివారం దాకా ఉంది. కమిటీ శుక్రవారం మూడింటికి. శుక్రవారం లాస్య బూడిద చూపిస్తుంది, నేను ఇడ్లీ రేకులు చూపిస్తాను. పాఠాలు నాకే ఉంటాయి. శనివారం పొద్దున్నే వెళ్లి నా మాట వెనక్కి తీసుకుంటాను. ఆ ముక్క బతుకుతుంది. ఎవరి కాలో ఆ కాలు తుడిచిపెట్టుకుపోదు, లాస్య వాటా ఆగదు, ఆమె వచ్చే ఏడాది దాన్ని వాడుకోవచ్చు. తప్పు దిద్దుకున్న మనిషిని కూడా అవుతాను. ఎటు చూసినా అంతా బాగానే ఉంది. ఇంత బాగున్న లెక్క నా జీవితంలో ఇంకొకటి లేదు.

నిన్న మధ్యాహ్నం ఇడ్లీ రేకుల దృశ్యం మళ్లీ తీశాను. ఈసారి ఒక రేకు మీద సున్నపు చుక్క పెట్టాను, తిరిగే వేగం కనబడాలని. రేకుల అంచున ఉప్పు చల్లాను, అదురు కనబడాలని. ఉప్పు గింజలు ఎగిరాయి. బాగా వచ్చింది. నిజంగా బాగా వచ్చింది. పదేళ్లలో నేను తీసిన వాటిలో ఇదే మంచిది. ఆ సంతోషం రెండు నిమిషాలు నిలిచింది. ఆ తర్వాత మెట్టెల వణుకు గుర్తొచ్చి, ఉప్పు ఉప్పులా మిగిలిపోయింది.

ఇవాళ పదకొండింటికి రిషిత్ గారికి ఫోన్ చేశాను, శనివారం ఎన్నింటికి తెరుస్తారో కనుక్కుందామని.

"శనివారమా? రెండో శనివారమండి మేడమ్. సెలవు."

"గడువు తొమ్మిదో రోజు శనివారమే కదండీ?"

"అవునండి. గడువు రోజున సెలవొస్తే ముందు పనిరోజుతో సరి. రేపు ఐదింటికల్లా అయిపోద్ది. ఏంటి, ఏదన్నా వెనక్కి తీసుకునేది ఉందా?"

"లేదండీ, ఊరికే అడిగాను" అని పెట్టేశాను.

ఇన్ని ఊళ్లు మారిపోయాయి, బండ్లు పోయాయి, డబ్బు రూపం మారింది, మనుషులు చూసే పద్ధతే మారిపోయింది. రెండో శనివారం మాత్రం ఎవరూ కదిలించలేకపోయారు. నవ్వొచ్చింది. కాసేపు నవ్వాను కూడా. తర్వాత ఒక సంగతి తట్టింది. మూడింటికి మొదలయ్యే కమిటీ నాలుగింటికి ముగుస్తుంది, ఐదింటికి ఇంకా గంట ఉంటుంది. నాలుగింటికి వెళ్లవచ్చు. లెక్క ఇంకా చెడలేదు.

అది తట్టినందుకు నా మీద నాకు వేసిన రోత, ఇవాళ్టి దాకా వేసిన రోత అంతటికంటే ఎక్కువ.


నమోదు 408. శుక్రవారం

పదిన్నరకు ముద్ర కార్యాలయం మెట్లెక్కాను. ఎందుకు పొద్దున్నే వెళ్లానో రాయడానికి గంట నుంచి కూర్చున్నాను. ధర్మం తలకెక్కి వెళ్లాననుకోను. నాలుగింటికి వెళ్తే రిషిత్ గారి ముఖం ఎలా చూడాలో తెలియక వెళ్లాను. నిన్న ఫోన్లో ఆయనకు అనుమానం వచ్చిందేమోనని భయపడి వెళ్లాను. లాస్య తడిచెయ్యి భుజం మీద ఇంకా బరువుగా ఉండి వెళ్లాను. ఇందులో ఏది ఎంతో నేను చెప్పలేను.

ఫోను ముందు కెమెరా సంగతి చెప్పి, నా మాట వెనక్కి తీసుకుంటానన్నాను. రిషిత్ గారు ముక్కను తెర మీద పెట్టి, అద్దంలోలా ఎడమ కుడి తిప్పారు. పెడళ్లు సరిపోయాయి. ఎడమ కాలు ఎడమ కాలైంది.

"బాగుంది కదండి" అన్నారు మెల్లిగా. ఆ మాట ఆయన ఉద్యోగంలో అనకూడనిదేమో.

మ్యాట్ మీది నాలుగక్షరాలూ ఇప్పుడు చదువుకోవచ్చు. 'పటమట' అని ఉంది. ఏ షాపు వాళ్లో అచ్చేయించుకుని ఉంటారు.

"ఒక్కటి అడగాలండి మేడమ్. రూలు. మీరు ఆ రోజు చూసిన తీరు యంత్రంలో నమోదై ఉంది. ఇరవై తొమ్మిదో సెకను దగ్గర రెండుసార్లు ఆపారు. అక్కడ ఈ మ్యాటే కనబడేది. ఏం చూశారు?"

"గుర్తులేదండీ."

"తిరగబడ్డ అక్షరాలని అప్పుడు తెలిసిందా?"

"గుర్తులేదండీ" అన్నాను మళ్లీ. అబద్ధం చెప్పలేదు.

ఆయన ఒక ఫారం తీశారు. వెనక్కి తీసుకోవడానికి ఇప్పటికి సంతకం ఒక్కటి చాలు. కింద ఒక గడి ఉంది. పొరపాటు 'తెలియక' అయితే ఆరు నెలలు రెండో సంతకం హక్కు పోతుంది. 'తెలిసి' అయితే ఆ హక్కు ఎప్పటికీ ఉండదు, పాఠాలు చెప్పే హక్కు కూడా పోతుంది. నింపడానికి ముప్పై రోజులు ఇస్తారు.

"ఇప్పుడే 'తెలియక' అని టిక్కు పెట్టేయండి, అయిపోద్ది" అన్నారు.

"తర్వాత ఇస్తానండీ" అన్నాను. ఆయన నన్ను వింతగా చూశారు.

పన్నెండున్నరకు ముద్ర పడింది. ఒంటిగంటకు లాస్యకు కబురందింది.

మూడింటికి కమిటీ గది. ఒక్కొక్కరి పాఠంలో పాతిక నిమిషాలే చూస్తారు. ముందు నాది వేశారు. ఉప్పు గింజలు ఎగిరినప్పుడు ఒకాయన ముందుకు వంగి చూశారు, ఒకావిడ నవ్వారు, ఇష్టంగానే. తర్వాత ఇరవై నిమిషాల బూడిద. తర్వాత లాస్యది వేశారు. రంధ్రంలో రోడ్డు ఆగినప్పుడు గదిలో ఏడుగురూ ఊపిరి బిగబట్టారు. నేనూ బిగబట్టాను. వాళ్లలో కుర్రవాడొకాయన తన కాలి వేళ్లను చెప్పులో మెల్లిగా పైకి లేపడం చూశాను. పాఠం అంటే అదీ. నాకు ఎవరూ అలా వేళ్లు లేపలేదు.

నాలుగింటికి చెప్పారు. లాస్యవే.

ఆమె నా దగ్గరికి వచ్చింది. "ఇంటికి వెళ్దాం పదవే" అంది. నాకు పనుందన్నాను.


నమోదు 409. శనివారం

ముప్పై రోజుల్లో ఇరవై తొమ్మిది అయిపోయాయి.

పొద్దున లాస్య ఇంటికొచ్చింది. చేతిలో డబ్బాతో, దాని నిండా సున్నుండలు. కొత్త పాఠాలకు నా ఇడ్లీ రేకులు కావాలట. ఆ కాలు చూశాక లోపల ఏం జరిగిందో చెప్పడానికి అంతకంటే మంచిది లేదట.

"జాలి చూపించడానికొచ్చావా?"

"జాలా? నీ మీదా? నీ రేకులు అడుక్కోవడానికొచ్చానే తల్లీ. నాకు చేత్తో ఏదీ చేయడం రాదని నీకు తెలీదూ? ఎమ్మేలో నా ప్రాజెక్టు బొమ్మ ఎవరు చేశారు?"

నేనే చేశాను. అది కూడా పాతికేళ్లుగా నా లెక్కల్లో ఒకటి.

ఇస్తానన్నాను. ఆమె సోఫాలో కాళ్లు ముడుచుకుని కూర్చుంది. బల్ల మీద ఫారం చూసింది.

"ఇంకా పంపలేదా? 'తెలియక' అని కొట్టేసి పంపవే. ఆరు నెలలెంతలో పోతాయి."

"నీకేమనిపిస్తోంది? నిజం చెప్పు."

"నాకనిపిస్తే ఏంటి, అనిపించకపోతే ఏంటి?"

"చెప్పవే."

లాస్య ఉండ కొరికి, పొడి రాలకుండా అరచెయ్యి కింద పట్టింది. "పునుగుల దగ్గర నీ నోట ఆ రంధ్రం మాట రాగానే, తెలిసే చేసిందనుకున్నా. ఆ వారమంతా నీ పేరు చెబితే ఒళ్లు మండిపోయింది. నువ్వే వెళ్లి విడిపించావని తెలిశాక, పాపం తెలియక చేసిందనుకున్నా. తర్వాత అనుకోవడం మానేశా. చాలా పాఠాలున్నాయే, ఎక్కడ కూర్చుని అనుకోను?"

అంత తేలిగ్గా మానేసింది. అది చూసి కూడా నాకు అసూయే కలిగింది.

ఆమె వెళ్లాక ఫారం ముందు కూర్చున్నాను. 'తెలియక' అని రాస్తే ఎవరూ ప్రశ్నించరు. పాఠాలు చెప్పే హక్కు నిలుస్తుంది. కానీ నాకు అనుకూలమైన మాట కాబట్టి దాన్ని నమ్మలేను. 'తెలిసి' అని రాస్తే అన్నీ పోతాయి. అయితే ఎంత నిజాయితీ గల మనిషో అని నలుగురూ అంటారు, లాస్య కూడా అంటుంది. అలా అనిపించుకోవాలన్న ఆశ నాలో ఉందని నాకు తెలుసు కాబట్టి దాన్నీ నమ్మలేను. ఆ గదిలో ఆ పది నిమిషాలను ఎన్నిసార్లు తలుచుకున్నానో లెక్కలేదు. తలుచుకున్న ప్రతిసారీ నేను ఆ అక్షరాలను ఒకసారి చదువుతున్నాను, ఒకసారి చదవడం లేదు. రెండూ జ్ఞాపకంలాగే ఉన్నాయి.

అసూయ నిజం. అది ఆ రోజు ఉంది, ఇవాళా ఉంది, దాని గురించి నాకు సందేహం లేదు. కానీ అది నా కళ్లు కప్పి నాకు నిజం కనబడనివ్వలేదా, లేక నిజం కనబడుతూ ఉండగానే నా చెయ్యి పట్టుకుని ఆ మాట రాయించిందా? ఇవాళ సాయంత్రంలోగా ఒకటి రాసి పంపాలి. నాకు తెలియదు. ఇంకా తేల్చుకోలేకపోతున్నాను.